మనసుకు మందు... మరి చూపు మాటేమిటి?

1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాఁ దెలే, పియెర్ దెనికెర్ అనే ఇద్దరు వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందును తీవ్రమైన మానసిక రోగులకు వాడి, ఫలితాలు ప్రకటించారు. లేని గొంతులు వినపడి సతమతమయ్యేవాళ్లు, ఎవరో వెంటాడుతున్నారన్న భయంతో తిండీ నిద్రా మానేసినవాళ్లు కొద్ది వారాల్లోనే నెమ్మదించారు. మానసిక వైద్యం అక్కడ మలుపు తిరిగింది. 1958లో బెల్జియంలో హాలోపెరిడాల్ తయారైంది. తర్వాత క్లోజపీన్, 1990లలో రిస్పెరిడోన్, ఒలాంజపీన్, క్వెటియాపీన్ వరసగా వచ్చాయి. వీటన్నిటినీ కలిపి యాంటీసైకోటిక్ మందులు అంటున్నాం. ఈ రోజు ఇవి స్కిజోఫ్రీనియాకే కాదు, బైపోలార్ జబ్బుకూ, మొండికేసిన డిప్రెషన్‌కూ, మతిమరుపు జబ్బులో వృద్ధులకు వచ్చే ఆందోళనకూ కూడా రాస్తున్నారు.

మన దేశంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సైకోసిస్ (భ్రమలు, భ్రాంతులతో కూడిన తీవ్ర మానసిక స్థితి) బారిన పడేవారు 1.4 శాతం. అంటే ఈ మందులు నెలల తరబడి, ఏళ్ల తరబడి వేసుకోవలసినవారు మన ఊళ్లలో, మన వీధుల్లో ఉన్నారు. వారి నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘కళ్లు మసకలు కమ్ముతున్నాయి’. అక్షరాలు అలుక్కుపోతున్నాయనీ, రాత్రిపూట దారి కనపడటం లేదనీ, రెప్పలు మూసుకుపోతున్నాయనీ, గుడ్లు పైకి లాగేస్తున్నాయనీ రకరకాలుగా చెబుతారు. విన్నవాళ్లు చాలాసార్లు దాన్ని జబ్బులో భాగంగానే లెక్కగడతారు. మనసు బాగాలేని మనిషి మాట కదా అని పక్కన పెడతారు. మానసిక వైద్యుడి దగ్గర కన్ను చూసే పరికరం ఉండదు. కంటి డాక్టరుకు ఆ మనిషి ఏ మాత్రలు మింగుతున్నాడో తెలియదు.

ఈ మందులకూ చూపుకూ ఉన్న సంబంధం గురించి ఏడు దశాబ్దాలలో పోగుపడిన జ్ఞానం తక్కువేమీ కాదు. అందులో గట్టిగా తేలినవున్నాయి, వాదంలో ఉన్నవున్నాయి, అనవసర భయాలూ ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం తగ్గించుకోగలిగినవే, మిగిలినవాటిలో చాలావరకు ముందే పసిగట్టగలిగినవే. అందుకు మందు మానడం మార్గం కాదు. రోగి మాటను కంటి ఫిర్యాదుగా గుర్తించి, సరైన చోటికి చేర్చడమే మార్గం.

కంటిదాకా ఎలా వెళుతుంది?

ఈ మందులన్నీ ప్రధానంగా మెదడులో డోపమీన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. కానీ డోపమీన్ మెదడుకే పరిమితం కాదు. కంటి వెనక ఉండే రెటీనా పొరలో కొన్ని నాడీకణాలు డోపమీన్‌ను విడుదల చేస్తాయి. ఎండలోంచి గదిలోకి, గదిలోంచి ఎండలోకి వెళ్లినప్పుడు చూపు సర్దుకోవడంలో, లేత రంగునూ దాని పక్క ఛాయనూ వేరుచేసి చూడటంలో దానికి పాత్ర ఉంది. డోపమీన్ తగ్గిపోయే పార్కిన్సన్స్ జబ్బులో ఈ సామర్థ్యం తగ్గుతుందని తెలిసిన విషయమే. డోపమీన్‌ను అడ్డుకునే మందు కూడా ఆ దారిలో కొంత ప్రభావం చూపడం సహజం.

ఇక రెండో దారి. ఈ మందుల్లో చాలావాటికి ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనాన్ని కూడా అడ్డుకునే గుణం ఉంది. దగ్గరి వస్తువు చూసేటప్పుడు కంటి కటకాన్ని ఉబ్బెత్తుగా మార్చే కండరానికీ, వెలుతురులో కనుపాపను కుదించే కండరానికీ, కన్నీటి గ్రంథికీ ఆజ్ఞలు మోసుకెళ్లేది ఎసిటైల్‌కోలినే. మూడో దారి కంటిపాపను విప్పార్చే కండరం మీది ఆల్ఫా గ్రాహకాలది. నాలుగోది మెలనిన్. కంటి లోపలి పొరల్లో నల్లగా ఉండే ఈ రంగు పదార్థానికి క్లోర్‌ప్రోమజీన్ కుటుంబపు మందులు అతుక్కుని, చాలాకాలం అక్కడే నిలిచిపోతాయి. చివరిది చుట్టుదారి. కొన్ని మందులు బరువునూ షుగరునూ పెంచి, ఆ షుగరు ద్వారా కంటిని దెబ్బతీస్తాయి.

దారులు వేరు కాబట్టి ఇబ్బంది కనపడే కాలమూ వేరు. రోగి ‘చూపు బాగాలేదు’ అన్నప్పుడు మందు మొదలుపెట్టి ఎంతకాలమైందని అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. అందుకే ఈ సమీక్షను ఆ వరసలోనే చేయడం మేలు.

మొదటి రోజుల్లో: కళ్లు తేలేయడం

మందు మొదలైన నాలుగైదు రోజుల్లోపు, ఒక్కోసారి ఇంజెక్షన్ ఇచ్చిన కొన్ని గంటల్లోనే, గుడ్లు పైకి తిరిగిపోయి అక్కడే బిగుసుకుపోతాయి. మనిషి కిందికి చూడలేడు. మెడ వెనక్కి వంగిపోవచ్చు, దవడ బిగుసుకోవచ్చు, నాలుక బయటికి రావచ్చు. ఇది నిమిషాల నుంచి గంటలదాకా ఉంటుంది. స్పృహ మాత్రం పోదు. తనకేమవుతోందో ఆ మనిషికి పూర్తిగా తెలుస్తూనే ఉంటుంది, ఆ భయం అంతాయింతా కాదు. వైద్యులు దీన్ని ఆక్యులోగైరిక్ క్రైసిస్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వ్యాపించిన ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా అనే మెదడువాపు నుంచి బయటపడ్డవారిలో వైద్యలోకం దీన్ని చూసింది. హాలోపెరిడాల్, ఫ్లూఫెనజీన్ వంటి మందులు వచ్చాక మళ్లీ ఎదురైంది. యువతలో, అందులోనూ మగవారిలో ఎక్కువ.

మన దగ్గర దీన్ని చూసి ఇంటివాళ్లు ఫిట్స్ అనుకుంటారు, గాలి సోకిందనుకుంటారు. అప్పటికే మానసిక జబ్బు ఉన్న మనిషి కళ్లు తేలేస్తే దయ్యం మాట రావడానికి ఎంతోసేపు పట్టదు. భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే ఆ గంటలో ఆసుపత్రికి తీసుకెళితే, ప్రోమెథజీన్ లాంటి ఒక్క ఇంజెక్షన్‌తో చాలామంది అరగంటలోపే మామూలవుతారు. ఇంత భయపెట్టి ఇంత తేలిగ్గా లొంగే ఇబ్బంది వైద్యంలో అరుదు. మొదటిసారి మందు రాసేటప్పుడే ‘కళ్లు పైకి లాగినట్టయితే భయపడకండి, వెంటనే రండి’ అని ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెప్పకపోతే అనుభవం మిగిల్చే భయంతో రోగి జీవితాంతం మందంటేనే ముఖం తిప్పుకుంటాడు.

మరో సంగతి కూడా ప్రజలకు తెలియాలి. ఈ ఇబ్బంది రావడానికి మానసిక జబ్బే ఉండనక్కర్లేదు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు వాడే ప్రోక్లోర్‌పెరజీన్ కూడా డోపమీన్‌ను అడ్డుకునేవే. పెరినార్మ్, స్టెమెటిల్ పేర్లతో ప్రతి మెడికల్ షాపులోనూ దొరికే ఈ మందుల తర్వాత పిల్లలకో, పడుచువాళ్లకో కళ్లు తేలేస్తే కారణం మందే కావచ్చు. దయ్యమూ కాదు, మూర్ఛా కాదు.

మొదటి వారాల్లో: అక్షరాలు అలుక్కుపోవడం

అన్నిటికన్నా ఎక్కువమంది చెప్పేది ఇదే. దూరం బాగానే కనపడుతుంది, దగ్గరిది మసకేస్తుంది. పేపరు చదవలేరు, సూదిలో దారం ఎక్కించలేరు, ఫోనులో మెసేజి చూడాలంటే చేయి చాచాలి. కటకాన్ని సర్దే కండరం సడలిపోవడం దీనికి కారణం. చిన్నవయసువారికి ఆ కండరంలో మిగులు శక్తి ఎక్కువ కాబట్టి తొందరగా తెలియదు. చత్వారం అంచున ఉన్న నలభై ఏళ్లవారికి ఒక్కసారిగా పదేళ్లు మీదపడినట్టు ఉంటుంది. క్లోర్‌ప్రోమజీన్, క్లోజపీన్, ఒలాంజపీన్‌లకు ఈ గుణం ఎక్కువ. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్‌లకు చాలా తక్కువ.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వాడేవారికి చేతులు వణకకుండా, కాళ్లు బిగుసుకోకుండా ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర జతగా రాస్తారు. మనవాళ్లకు పాసిటేన్ పేరుతో బాగా తెలిసిన మాత్ర అది. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకోవడమే దాని పని. అంటే అసలు మందుకు లేని మసక, జతమాత్ర వల్ల వస్తుంది. కొన్నాళ్ల తర్వాత ఆ జతమాత్ర అవసరం చాలామందికి తీరిపోతుంది. అయినా చీటీ మీద చీటీ తిరగరాసుకుంటూ పోవడంతో ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంది. దగ్గరి చూపు మసకేస్తోందన్న రోగి చీటీలో మొదట చూడవలసింది ఈ మాత్రనే. దాని మోతాదు తగ్గించవచ్చా, ఆపవచ్చా అన్నది రాసిన డాక్టరే తేల్చాలి. అవసరం తీరిందని తేలితే కళ్లద్దాలు కొనే ఖర్చే తప్పుతుంది.

ఇదే గుణం వల్ల కళ్లు పొడిబారతాయి. దీనికి తోడు డోపమీన్ తగ్గితే మనిషి రెప్పలార్పడం కూడా తగ్గుతుంది. కన్నీరు తక్కువ, రెప్పపాటు తక్కువ కావడంతో ఇసుక పడ్డట్టు గరగర, మంట, చదువుతుంటే మసకలు వస్తాయి. కన్నీటిచుక్కలతో, కాసేపటికొకసారి కావాలని రెప్పలార్పడంతో ఇది చాలావరకు సర్దుకుంటుంది.

వీటిలో అరుదైనా ప్రమాదకరమైనది ఒకటుంది. కంటిలో నీరు బయటికి పోయే కోణం పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నవారిలో, కనుపాప విప్పారినప్పుడు ఆ కోణం పూర్తిగా మూసుకుపోవచ్చు. కన్ను ఎర్రబడి, తీవ్రమైన నొప్పి, తలనొప్పి, వాంతులు వస్తాయి. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. ఇది హఠాత్తుగా వచ్చే నీటికాసుల జబ్బు. గంటల్లో వైద్యం అందకపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఇరుకు కోణం ఆసియా ప్రజల్లో తక్కువేమీ కాదు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందని తెలిస్తే మందు మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి.

నెలల్లో: షుగరు దారిన వచ్చేది

క్లోజపీన్, ఒలాంజపీన్ మంచి మందులు. ఇతర మందులకు లొంగని జబ్బును లొంగదీసిన చరిత్ర క్లోజపీన్‌ది. కానీ ఈ రెండూ ఆకలినీ బరువునూ పెంచుతాయి, మధుమేహాన్ని తెచ్చిపెట్టగలవు. క్వెటియాపీన్, రిస్పెరిడోన్ కూడా కొంత మేరకు అంతే. 2004లో అమెరికా మధుమేహ సంఘం, మానసిక వైద్యుల సంఘం కలిసి, ఈ మందులు మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, పన్నెండు వారాలకు మరోసారి, ఆ తర్వాత ఏటా పరగడుపు షుగరు చూడాలని సూచించాయి.

దీనికీ చూపుకూ సంబంధం రెండు విధాలు. రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పెరిగినా తగ్గినా కటకంలోని నీటిశాతం మారి, కళ్లద్దాల నంబరు రోజుల్లోనే అటూ ఇటూ అవుతుంది. ఈ స్థితిలో కొత్త అద్దాలు చేయించుకుంటే నెల తిరిగేసరికి అవి పనికిరావు. షుగరు కుదుటపడ్డాకే నంబరు చూపించుకోవాలి. ఇక రెండోది, ఏళ్ల తరబడి అదుపులో లేని షుగరు రెటీనా రక్తనాళాలను దెబ్బతీయడం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లని అంచనా వేసింది. అసలే షుగరుకు లోనయ్యే జాతి మనది, పైగా షుగరు పెంచే మందు. యాంటీసైకోటిక్ మందుల వల్ల చూపుకు వచ్చే నష్టాల్లో రేపటికి అన్నిటికన్నా పెద్దది ఇదేనని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాల్లో కంటి దుష్ఫలితాల జాబితాలో దీనికి దక్కే చోటు మాత్రం చిన్నది. రెటీనా మీద మందు నేరుగా పెట్టే మచ్చల గురించి పేజీలు రాసి, ఆ మందు తెచ్చే షుగరు గురించి ఒక వాక్యంతో సరిపెట్టడం సరికాదు.

ఏళ్లలో: మచ్చలు, పొరలు

మచ్చల చరిత్ర మాత్రం తెలుసుకోవలసిందే. 1950లలో ఎన్‌పీ–207 అనే సంకేతంతో ఒక మందును పరీక్షించారు. దాన్ని వాడిన రోగుల్లో రెటీనా దెబ్బతిని చూపు పోవడంతో అది మార్కెట్టుకు రాకుండానే ఆగిపోయింది. దానికి దగ్గరి చుట్టం థయోరిడజీన్. మెల్లెరిల్ పేరుతో ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. రోజుకు 800 మిల్లీగ్రాములు దాటి వాడినవారిలో కొన్ని వారాల్లో, నెలల్లోనే చూపు మసకబారడం, రేచీకటి, లోకమంతా గోధుమరంగు పులిమినట్టు కనిపించడం మొదలయ్యాయి. రెటీనాలో మొదట మిరియపు పొడి చల్లినట్టు రంగు చుక్కలు, తర్వాత పలచబడిన పెద్ద మచ్చలు ఏర్పడ్డాయి. కొందరిలో మందు ఆపాక కూడా నష్టం ముదిరింది. అందుకే 800 మిల్లీగ్రాములను దాటకూడని గీతగా వైద్యలోకం పెట్టుకుంది. చివరికి ఆ మందుకు ముప్పు తెచ్చింది కన్ను కాదు, గుండె. గుండె లయను ప్రమాదకరంగా మారుస్తుందని తేలడంతో 2005లో నోవార్టిస్ సంస్థ దాన్ని ప్రపంచమంతటా ఉపసంహరించుకుంది. ఎంత మోతాదులో మొదలవుతుంది, ఎలా కనిపిస్తుంది, ఎక్కడ ఆపాలి అన్నవి ఇంత స్పష్టంగా తేలిన కంటి దుష్ఫలితం ఈ మందుల్లో మరొకటి లేదు.

క్లోర్‌ప్రోమజీన్ కథ వేరు. 1964లో కెనడా వైద్యులు, ఈ మందును పెద్ద మోతాదులో ఏళ్ల తరబడి వాడినవారిలో చర్మం నీలిబూడిద రంగుకు తిరగడం, కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా లోపలి వైపునా, కటకం ముందు భాగంలోనూ సన్నని పసుపు గోధుమ రేణువులు పేరుకోవడం గమనించి ప్రచురించారు. కటకం మీద ఆ రేణువులు నక్షత్రం ఆకారంలో పరుచుకుంటాయి. ఎండ సోకే చోటే, అంటే రెప్పల మధ్య తెరిచి ఉండే భాగంలోనే ఇవి ఎక్కువ. సూర్యకాంతికి ఇందులో పాత్ర ఉందనడానికి ఇదే ఆనవాలు. మొత్తం మీద ఎంత మందు ఒంట్లోకి వెళ్లిందన్న దాన్ని బట్టి ఇవి పెరుగుతాయి. శుభవార్త ఏమిటంటే, చాలామందిలో వీటివల్ల చూపు తగ్గదు. కొందరికి వెలుగు చెదిరినట్టు ఉంటుంది. మందు ఆపినా ఆ రేణువులు తొందరగా పోవు. స్లిట్‌లాంప్ అనే కంటి పరీక్ష పరికరం కింద చూసిన కంటి డాక్టరు వాటిని గుర్తుపట్టడం, రోగి ఎండలో టోపీ, చలువ కళ్లద్దాలు వాడటం ముఖ్యం. పొలం పనిలో పొద్దంతా ఎండలో ఉండేవారికి తలగుడ్డ ఎలాగూ అలవాటే. దానికి అంచు ఉన్న టోపీ తోడైతే మేలు.

మూడో కథ భయం ఎలా పుడుతుందో, ఎలా తగ్గుతుందో చెబుతుంది. 1997లో అమెరికాలో క్వెటియాపీన్‌కు అనుమతి వచ్చింది. అంతకుముందు కుక్కల మీద జరిపిన పరీక్షల్లో పెద్ద మోతాదులకు శుక్లాలు ఏర్పడ్డాయి. దాంతో మందు కాగితంలో, వాడకం మొదలయ్యేటప్పుడు ఒకసారి, తర్వాత ఆరు నెలలకొకసారి కటకం పరీక్ష చేయించాలని రాశారు. మనుషుల్లో ఈ భయం నిజమా అని తేల్చడానికి క్వెటియాపీన్‌నూ రిస్పెరిడోన్‌నూ పోలుస్తూ రెండేళ్లపాటు ఒక పెద్ద పరీక్ష నడిచింది. శుక్లం విషయంలో క్వెటియాపీన్ రిస్పెరిడోన్ కన్నా చెడ్డదేమీ కాదని అందులో తేలింది. దీన్నిబట్టి భయం చాలావరకు తగ్గాలి. అయితే శుక్లం ఏర్పడటానికి పట్టే కాలంతో పోలిస్తే రెండేళ్లు తక్కువే. అందులో ఏ మందూ తీసుకోని బృందం కూడా లేదు. కాబట్టి ‘క్వెటియాపీన్ శుక్లం తెస్తుంది’ అనడం తప్పు, ‘కంటి పరీక్షే అక్కర్లేదు’ అనడమూ తప్పు.

పైగా స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో పొగతాగడం ఎక్కువ, మధుమేహం ఎక్కువ. ఈ రెండూ శుక్లానికి దారితీసేవే. వాటిని లెక్కలోంచి తీసేయకుండా శుక్లాన్ని మందు ఖాతాలో వేసే అధ్యయనాలను జాగ్రత్తగా చదవాలి.

రెప్పలు మొరాయిస్తే

ఏళ్ల తరబడి డోపమీన్‌ను అడ్డుకుంటే కొందరిలో కండరాలు తమంతట తామే కదలడం మొదలవుతుంది. నోరు నములుతున్నట్టు, నాలుక మెలికలు తిరుగుతున్నట్టు కనిపించే టార్డివ్ డిస్కైనీసియా చాలామందికి తెలిసిందే. ఇదే కళ్ల చుట్టూ వస్తే రెప్పలు టపటపా కొట్టుకుని, ముదిరితే గట్టిగా మూసుకుపోతాయి. కన్ను బాగానే ఉంటుంది, రెటీనా బాగానే ఉంటుంది, అయినా మనిషి చూడలేడు. రోడ్డు దాటలేడు. దీన్ని నిద్రమత్తు అనో, మొండితనం అనో అపార్థం చేసుకుంటారు. రెప్పల చుట్టూ ఇచ్చే బొటులినమ్ ఇంజెక్షన్‌కు రెప్పల బిగుతు కోసం అమెరికాలో 1989లోనే అనుమతి లభించింది. టార్డివ్ డిస్కైనీసియాకు ప్రత్యేకంగా వాల్బెనజీన్, డ్యూటెట్రాబెనజీన్ అనే మందులు 2017లో వచ్చాయి.

మన దేశంలో లెవోసల్పిరైడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇదీ డోపమీన్‌ను అడ్డుకునే మందే. గ్యాసు మాత్రతో కలిపి ఒకే గుళికగా విరివిగా రాస్తున్నారు, జనం తామే అడిగి కొనుక్కుని నెలల తరబడి మింగుతున్నారు. పార్కిన్సన్స్ లాంటి బిగుతు, మూతి కదలికలు దీనివల్ల వస్తాయని వైద్య సాహిత్యంలో నమోదైంది. పెద్దవయసులో రెప్పలో, మూతో అదుపు తప్పి కదులుతుంటే ‘గ్యాసుకు ఏం వాడుతున్నారు?’ అని అడగాలి.

జబ్బు చూపా, మందు చూపా?

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇది. స్కిజోఫ్రీనియా తానే చూపును మారుస్తుంది. కదిలే వస్తువును కళ్లు నున్నగా వెంబడించలేకపోవడాన్ని డిఫెన్‌డార్ఫ్, డాడ్జ్ 1908లోనే నమోదు చేశారు. అప్పటికి క్లోర్‌ప్రోమజీన్ పుట్టడానికి ఇంకా నాలుగు దశాబ్దాలుంది. 1973లో ఫిలిప్ హోల్జ్‌మన్ ఈ సంగతిని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. కాబట్టి చూపులో కనపడే ప్రతి లోపాన్నీ మందుకు అంటగట్టలేం.

అలాగని ప్రతిదాన్నీ జబ్బుకూ అంటగట్టలేం. 1980లలో జపాన్ మానసిక వైద్యులు ఒక వింత స్థితిని వర్ణించారు. ఈ మందులు వాడుతున్నవారికి, సాధారణంగా సాయంత్రాల్లో, హఠాత్తుగా వెలుతురు కళ్లలో పొడుచుకున్నట్టూ, రంగులూ గీతలూ మరీ స్పష్టమై మీదికి వస్తున్నట్టూ అనిపిస్తుంది. కాసేపటికి అదే తగ్గిపోతుంది. ఇది మందు వల్ల వచ్చేదనీ, కళ్లు తేలేసే స్థితికి దగ్గరిదనీ వారు భావించారు. అలాగే చూసిన వస్తువు కదిలిపోయాక కూడా దాని నీడ కంటిలో నిలిచిపోతోందని రిస్పెరిడోన్ వాడేవారు చెప్పిన సందర్భాలు వ్యక్తిగత నివేదికల్లో ఉన్నాయి. మోతాదు తగ్గిస్తే అవి తగ్గాయి. ఇలాంటి మాట విన్న డాక్టరు భ్రాంతులు పెరిగాయనుకుని మందు పెంచితే ఏమవుతుంది? ఇబ్బంది రెట్టింపవుతుంది, రోగి ఇక నోరు విప్పడు.

తేడా పట్టుకోవడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. మందు మొదలుపెట్టిన తర్వాతో, మోతాదు పెంచిన తర్వాతో వచ్చిందా? రోజులో ఒకే వేళకు వస్తోందా? ఒక కన్ను మూస్తే పోతోందా? ఇది తన కంటి తంటా అని రోగికే తెలుస్తోందా, లేక బయట నిజంగా ఏదో ఉందని నమ్ముతున్నాడా? వీటికి జవాబులు రాబట్టడానికి పరికరాలు అక్కర్లేదు, ఐదు నిమిషాల ఓపిక చాలు.

శుక్లం ఆపరేషన్‌కు ముందు

కంటి డాక్టరుకు తప్పనిసరిగా తెలియవలసిన సంగతి మరొకటుంది. 2005లో డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్, ప్రొస్టేట్ సమస్యకు టామ్సులోసిన్ వాడే మగవారిలో శుక్లం ఆపరేషన్ మధ్యలో కనుపాప చుట్టూ ఉండే రంగు పొర ఐరిస్ బిగువు కోల్పోయి గాలికి ఊగే పరదాలా అల్లాడటాన్ని వర్ణించారు. మొదట్లో చెప్పుకున్న ఆల్ఫా గ్రాహకాలను అడ్డుకోవడమే అందుకు మూలం. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్‌లకూ ఆ గుణం ఉంది, వాటి మందు కాగితాల్లో ఈ హెచ్చరిక చేరింది. ముందే తెలిస్తే సర్జన్ తగిన మందులు, ఐరిస్‌ను పట్టి ఉంచే కొక్కేలు సిద్ధం చేసుకుంటాడు. తెలియకపోతే నడి ఆపరేషన్‌లో చిక్కు వస్తుంది. కంటి క్యాంపులో ఆపరేషన్‌కు పేరు రాయించేటప్పుడు మానసిక జబ్బు మందుల సంగతి సిగ్గుపడి దాచడం కంటికే చేటు.

చేయవలసినవి

రోగికీ ఇంటివాళ్లకూ మొదటి మాట. చూపు మసకేసిందని మందు మీరే ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెద్దది. ఆ మసకల్లో ఎక్కువ భాగం మోతాదు మార్పుతోనో, మందు మార్పుతోనో, జతమాత్ర తగ్గింపుతోనో తగ్గేవే. కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పిపెట్టినా, చూపు హఠాత్తుగా తగ్గినా, కళ్లు తేలేసినా మాత్రం అదే రోజు, అదే గంట ఆసుపత్రికి వెళ్లండి. మాత్రల చీటీని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వెంట ఉంచుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సూచించిన చికిత్స గురించీ, దాని తెలిసిన దుష్ఫలితాల గురించీ సమాచారం పొందే హక్కును రోగికి ఇచ్చింది. అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

మానసిక వైద్యులు మొదటి చీటీ రాసేటప్పుడు నీటికాసులు, షుగరు, ఇంతకుముందున్న కంటి జబ్బుల గురించి అడగాలి. ప్రతి రాకడలోనూ చూపు గురించి ఒక ప్రశ్న వేయాలి. గోడకు తగిలించే చార్టు, చేతిలో పట్టుకు చదివే చిన్న అక్షరాల కార్డు ప్రతి మానసిక వైద్యశాలలోనూ ఉండాలి. దూరపు చూపు బాగుండి దగ్గరిది తగ్గిందా, రెండూ తగ్గాయా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. పెద్ద మోతాదులో క్లోర్‌ప్రోమజీన్ ఏళ్లుగా వాడేవారిని, షుగరు వచ్చినవారిని ఏడాదికొకసారి కంటి పరీక్షకు పంపాలి. మతిమరుపు ఉన్న వృద్ధులకు ఈ మందులు ఇస్తే మసక చూపు, లేచి నిలబడగానే పడిపోయే బీపీ కలిసి తుంటి ఎముక విరగడానికి దారితీస్తాయని గుర్తుంచుకోవాలి.

ఇక వ్యవస్థ. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటివెలుగు అనే కంటి పరీక్షల కార్యక్రమం మొదలైంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పేరుతో కార్యక్రమం వచ్చింది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెల్లో విజన్ సెంటర్లు నడుపుతోంది. అంటే కంటి పరీక్ష గుమ్మందాకా వచ్చే ఏర్పాటు తెలుగు నేలకు కొత్త కాదు. అలాంటి ప్రతి పరీక్షలో బీపీ, షుగరు మందులతో పాటు ‘నిద్రకు, నరాలకు, మనసుకు ఏమైనా మాత్రలు వాడుతున్నారా?’ అన్న ప్రశ్న కూడా చేరాలి. నాలుగ్గోడల మధ్య, గొంతు తగ్గించి, గౌరవంగా అడిగితే ఎవరైనా చెబుతారు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ పలుకుతుంది. మందు వల్ల కళ్లకు ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియనివారికి అది ఒక గుమ్మం.

థయోరిడజీన్ వల్ల రెటీనా పాడవుతుందని వైద్యులకు తెలియజెప్పింది రోగులే. లోకం గోధుమరంగులో కనపడుతోందని వాళ్లు చెప్పారు, ఎవరో ఒకరు ఆ మాట నమ్మి కంటి లోపలికి చూశారు. ఈ రంగంలో మనకు తెలిసినవాటిలో చాలా భాగం అలాగే తెలిసింది. కాబట్టి మానసిక జబ్బుకు మందు వాడుతున్న మనిషి కళ్లు సరిగా లేవన్నప్పుడు ముందు నమ్మాలి, తర్వాత పరీక్షించాలి. జబ్బు వల్లే అన్న తీర్మానం ఎప్పుడైనా ఆ పరీక్ష తర్వాతే రావాలి.